ఎండ రీలు, మబ్బు రీలు

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. రాజమండ్రిలో ఫోటోలు తీసేవాళ్లం కాలాన్ని కూడా ఆ లెక్కలోనే గుర్తుపెట్టుకుంటాం. 1991 పుష్కరాల్లో నా మెడలో వేలాడింది యాషికా మ్యాట్ 124జి. 2003లో నికాన్ ఎఫ్ఎం2. 2015లో నికాన్ డి750. మొదటి రెండూ ఫిల్మ్ కెమెరాలు, మూడోది డిజిటల్. రేవులు అవే, ఎర్రనీటి గోదారి అదే, దోసిట్లో నీళ్లు పట్టుకుని సూర్యుడికి ఎదురుగా నిలబడే మనుషులూ అలాంటివాళ్లే. మూడుసార్లూ నేను నలుపు తెలుపు ప్రింట్ల కోసమే తీశాను. అందుకే ఫిల్ము మంచిదా, డిజిటల్ మంచిదా అని ఎవరైనా మాట మొదలుపెడితే నాకు ముందుగా గుర్తొచ్చేవి బీరువాలో ఉన్న ఆ మూడు కట్టలే.

గ్రెయిన్ (ఫిల్ము బొమ్మలో కనిపించే ఇసుకలాంటి గరుకు) గురించీ, షార్ప్‌నెస్ గురించీ, మెగాపిక్సెళ్ల గురించీ చాలా వాదనలు నడుస్తాయి. అవన్నీ ఉన్నవే. కానీ ప్రింటు చేతిలోకి తీసుకుని చూస్తే నాకు అసలు తేడా ఒక్కచోటే కనిపిస్తుంది. తడిసిన తెల్లపంచె, దానిపైన ఎండకి కమిలి నల్లబడ్డ మొహం. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి, రెండింట్లోనూ ప్రాణం ఉండాలి. మన ఊళ్లలో ఎండలో మనిషిని ఫోటో తీయాలంటే ఎప్పుడూ ఇదే చిక్కు. ఫిల్ము ఈ చిక్కుముడిని ఒక కొస నుంచి విప్పుతుంది, డిజిటల్ సరిగ్గా రెండో కొస నుంచి.

ఇంటర్ అయ్యాక కొన్నాళ్లు ఖాళీగా ఉంటే మా నాన్నగారు నన్ను తీసుకెళ్లి మెయిన్ రోడ్డులో ఒక స్టూడియోలో కూర్చోబెట్టారు. ఓనరుగారిని ఊరంతా మేష్టారనే పిలిచేది. పెళ్లిళ్లకి అప్పటికే కలర్ వచ్చేసింది, ఆ రీళ్లు ల్యాబ్‌కి వెళ్లిపోయేవి. హాల్‌టికెట్ ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు, పోయిన పెద్దవాళ్ల పాత ఫోటో పెద్దది చేయించి పటం కట్టించుకోవడం, ఈ పనంతా ఇంకా నలుపు తెలుపే. మెట్ల కింద డార్క్‌రూమ్‌లో మేమే కడిగేవాళ్లం. ఎర్ర బల్బు, గోడకి ఆనించి నెగటివ్‌ని కాగితం మీదికి పెద్దదిగా వేసే ఎన్లార్జరు, వరసగా మూడు ట్రేలు, మూలన కుళాయి. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే మందు హైపో, దాని వాసన చొక్కాకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. మా అమ్మ ఆ చొక్కాల్ని విడిగా నానబెట్టేది.

రీళ్లు ఎక్కువగా ఇందు రకం. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ తయారుచేసేది. ఫోటోలు ప్రింటు వేసే బ్రోమైడ్ కాగితం కూడా వాళ్లదే. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. పసుపు రంగు తిరిగిన పాత ఇందు పేపరు డబ్బా ఎక్కడైనా పాత సామాన్లలో కనిపిస్తే నేను ఇప్పటికీ చేతిలోకి తీసుకోకుండా ఉండలేను.

రీలు మీద బొమ్మని బయటికి తెచ్చే మందు డెవలపరు. దాన్ని మేష్టారు సొంతంగా కలుపుకునేవారు. అందులో డి-76 అనే రకం అంటే లీటరు నీళ్లకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. చిన్న త్రాసులో కాగితం ముక్క పరిచి తూచేవారు. ముందు వేడినీళ్లలో చిటికెడు సల్ఫైట్, ఆ తర్వాత మెటాల్. మెటాల్ పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. ఈ వరస తప్పితే మెటాల్ కరగదని, కలిపిన ప్రతిసారీ చెప్పేవారు. కలిపిన మందు గోధుమరంగు సీసాలో నిండా పోసి, గాలి లేకుండా మూత బిగించి, తేదీ రాసి పెట్టేవారు.

పుస్తకాల్లో రాసే 20 డిగ్రీల నీళ్లు మాకెక్కడివి? ఎండాకాలం సంగతి వదిలేయండి, పుష్కరాలొచ్చే వానాకాలంలో కూడా కుళాయి నీళ్లు అంతకంటే వేడిగానే ఉంటాయి. సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి బక్కెట్లో వేసి, అందులో సీసాలు నిలబెట్టేవాళ్లం. ఎంత చేసినా 24 దగ్గరే ఆగేది. 20 దగ్గర 10 నిమిషాలు కడిగే రీలుని 24 దగ్గర 7 నిమిషాలే కడగాలి. డెవలపరు ఒక్కటే చల్లబరిస్తే చాలదు, హైపో, వాషింగు నీళ్లు కూడా దగ్గరదగ్గరగా అదే వేడిలో ఉండాలి. చల్లటి మందులోంచి తీసి వేడి నీళ్లలో పడేస్తే రీలు మీది పొర ఎండిపోయిన చెరువు అడుగులా బీటలు వారుతుంది. పొర గట్టిపడాలని హైపోలో పటిక కలిపేవారు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఫిల్ములో తెలుపు ఎంత తెల్లగా ఉండాలన్నది కెమెరా దగ్గర తేలదు. ఈ బక్కెట్టు దగ్గర, ఈ ఐసుగడ్డ దగ్గర తేలుతుంది.

1991 పుష్కరాలకి బయల్దేరే ముందు మేష్టారు నాకు చెప్పిన మాట ఇది.

"ఒరేయ్, ఎండలో ముసలాయన కనపడితే ఆయన మొహం చూసి ఎక్స్‌పోజర్ పెట్టు. పంచె జోలికి వెళ్లకు. పంచె సంగతి కడిగేటప్పుడు నేను చూసుకుంటా."

"పంచె మరీ తెల్లగా కాలిపోదా మేష్టారూ?"

"కాలదు. మొహం రీలు మీద పడకపోతే మాత్రం ఏ మందు పోసినా రాదు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?"

కడగాల్సిన రీళ్లు పెట్టడానికి ఆయన దగ్గర రెండు అట్టపెట్టెలు ఉండేవి. ఎండలో తీసిన రీళ్లు ఒకదాంట్లో, మబ్బులో తీసినవి రెండోదాంట్లో. ఎండ రీలు, మబ్బు రీలు అనే పిలిచేవాళ్లం. ఎండ రీలుకి డెవలపరులో సమయం తగ్గించేవారు, మబ్బు రీలుకి కాస్త పెంచేవారు. ఇందులో ఉన్న విద్య ఇదీ: నెగటివ్‌లో నీడ పడ్డ భాగాలు, అంటే తక్కువ వెలుతురు తగిలినవి, డెవలపరులో త్వరగా వచ్చేసి అక్కడితో దాదాపు ఆగిపోతాయి. ఎక్కువ వెలుతురు తగిలిన భాగాలు మాత్రం మందులో ఉంచిన కొద్దీ నల్లబడుతూనే ఉంటాయి. నెగటివ్‌లో నల్లబడ్డదే కదా ప్రింటులో తెల్లబడేది. కాబట్టి ఎండ రీలుని రెండు నిమిషాలు ముందే బయటికి తీస్తే మొహానికి పోయేదేమీ ఉండదు, పంచె మాత్రం అదుపులోకి వస్తుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అని ఒక పద్ధతి కట్టారు. నలుపు నుంచి తెలుపు దాకా 11 మెట్లు పెట్టి, ఏ వస్తువు ఏ మెట్టు మీద కూర్చోవాలో ముందే నిర్ణయించుకోవడం. మేష్టారు ఆ పేరు విని ఉంటారని నేననుకోను. ఆయన చేసింది మాత్రం అదే. యాషికాలో వేసే 120 రకం రీలుకి 12 ఫోటోలే కాబట్టి, ఎండ మారినప్పుడల్లా రీలు మార్చుకోవడం పెద్ద కష్టం కాదు. 35 ఎంఎం రీలులో 36 ఫోటోలుంటాయి, అందులో సగం ఎండలో, సగం మబ్బులో పడితే ఈ పద్ధతి పనికిరాదు.

ఆ పుష్కరాల్లో కోటిలింగాల రేవులో తీసిన ఒక నెగటివ్ ఉంది. యాషికాలో కిందికి వంగి కెమెరా పైనున్న గ్లాసు తెరలోకి చూసి తీయాలి, అందులో కుడి ఎడమ తారుమారుగా కనిపిస్తుంది. మనిషి కుడికి జరిగితే గ్లాసులో ఎడమకి పోతాడు. నడుములోతు నీళ్లలో ఒక పెద్దాయన, భుజం మీద తడిసిన ఉత్తరీయం, దోసిట్లో నీళ్లు. మబ్బు విడిపోయి ఎండ సూటిగా ఆయన ఎడమ భుజం మీద పడింది. మొహం సగం నీడలో ఉంది. లెన్సుకి పసుపు ఫిల్టరు పెట్టి ఉంది, మబ్బులు కాస్త విడివిడిగా కనపడాలని. పసుపు ఫిల్టరు పెడితే వెలుతురు రెట్టింపు ఇవ్వాలి, అంటే ఒక స్టాపు. నేను వెలుతురు కొలిచే మీటరు చూసింది ఆయన చెంప మీద.

ప్రింటు మేష్టారే వేశారు, నేను పక్కన నిలబడ్డాను. ముందు పేపరు చిన్న ముక్క కోసి, మూడేసి సెకన్లకోసారి అట్ట జరుపుతూ టెస్టు తీశారు. మొహానికి 14 సెకన్లు సరిపోయింది, ఎన్లార్జరు లెన్సు రంధ్రం ఎఫ్8 సైజు దగ్గర. ఆ 14 సెకన్లలో ఉత్తరీయం ఉత్త తెలుపు. నా గుండెలు జారిపోయాయి. మేష్టారు ఏమీ మాట్లాడలేదు. రెండు అరచేతులూ ఎన్లార్జరు వెలుతురుకి అడ్డంపెట్టి, వేళ్ల మధ్య చిన్న సందు వదిలి, ఆ సందులోంచి ఉత్తరీయం మీద మాత్రమే ఇంకో 10 సెకన్లు వెలుతురు పడనిచ్చారు. చేతులు ఒక్క క్షణం కూడా ఆగలేదు, కొద్దికొద్దిగా పైకీ కిందకీ ఆడిస్తూనే ఉన్నారు. ఆపితే చేతుల అంచు ప్రింటు మీద గీతలాగా పడుతుంది. తర్వాత కాగితాన్ని డెవలపరు ట్రేలోకి జార్చి, ట్రే ఒక మూల ఎత్తి దించుతూ ఉన్నారు. ముందు నీటి నలుపు వచ్చింది, తర్వాత మొహం, చిట్టచివర ఉత్తరీయంలో నేత. బట్ట నేత! తడి బట్ట భుజానికి అంటుకున్నచోట ఒక రకం తెలుపు, మడత లేచినచోట ఇంకో రకం తెలుపు. ఆ సమాచారమంతా నెగటివ్‌లో ముందే ఉంది. కాగితానికే అంత పట్టు లేదు. కాగితం మీద అతి తెలుపు, అతి నలుపుకంటే సుమారు 100 రెట్లు మాత్రమే ఎక్కువ వెలుతురు తిప్పికొడుతుంది. ఎండలో గోదారి ఒడ్డున ఉన్న తేడా దానికి ఎన్నో రెట్లు. అంత తేడానీ ఫిల్ము తనలో దాచుకుంటుంది, కాగితం మీదికి వంతులవారీగా దించుకోవడం మన పని.

2003 నాటికి పరిస్థితి పూర్తిగా మారింది. ఎక్కడ చూసినా కలర్ ల్యాబులే. మేష్టారి డార్క్‌రూమ్‌లో జిరాక్స్ మెషిన్ వచ్చింది. నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉండి, అద్దె ఇంట్లో బాత్రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి రాత్రిళ్లు ప్రింట్లు వేసుకునేవాణ్ణి. రీళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికేవి, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. పుష్కరాలకి సెలవు పెట్టి వెళ్లాను. రేవులో నాకు తోడుగా ఒక పత్రిక ఫోటోగ్రాఫర్ మిత్రుడున్నాడు, అతని చేతిలో నికాన్ డి100. 6 మెగాపిక్సెళ్లు. ఒకే రేవు, ఒకే ఎండ, పక్కపక్కన నిలబడి ఒకే మనిషిని తీశాం. సాయంత్రం అతను కంప్యూటర్లో తెరిచి చూపిస్తే ఆశ్చర్యం వేసింది. మొహం చక్కగా, శుభ్రంగా ఉంది. పంచె ఉన్నచోట మాత్రం కాగితం తెలుపు తప్ప ఏమీ లేదు. మడత లేదు, దారం లేదు. ఎంత తగ్గించినా ఆ తెలుపు బూడిదరంగు అయిందే తప్ప అందులోంచి బట్ట రాలేదు. పత్రికలో అచ్చయ్యే సైజులో అది ఎవరికీ కనపడదు, అతని పనికి ఆ కెమెరా సరిగ్గా సరిపోయింది. నేను తీసుకెళ్లాలనుకున్న 12×15 అంగుళాల ప్రింటుకి అది సరిపోదు. చాలా ఏళ్లపాటు డిజిటల్ మీద నాకున్న అభిప్రాయం ఆ పంచె దగ్గరే ఆగిపోయింది.

అక్కడ జరిగేది ఏమిటో తర్వాత నెమ్మదిగా చదువుకున్నాను. ఫిల్ము మీద వెలుతురు పెరిగేకొద్దీ నల్లదనం అదే వేగంతో పెరగదు. ఒక హద్దు దాటాక నెమ్మదిస్తుంది, వంగుతుంది. అందుకే విపరీతమైన ఎండలో కూడా తెలుపుకీ తెలుపుకీ మధ్య కొంత తేడా మిగులుతుంది. డిజిటల్ కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉండే సెన్సారు అలా కాదు. వెలుతురు రెట్టింపైతే అంకె రెట్టింపవుతుంది, నిండే దాకా నిండుతుంది, నిండాక అంతే. ఆ పైన పడినదంతా ఒకటే తెలుపు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సెన్సారు నీడల్లో ఎంతో దాచుకుంటుంది. ఫిల్ము నీడల్లో ఏమీ పడకపోతే ఉత్త గాజులాంటి ఖాళీ మిగులుతుంది, సెన్సారులో అదే చీకటిని పైకి లాగితే మొహం బయటికొస్తుంది. అంటే మేష్టారు చెప్పిన మాటని డిజిటల్ కోసం తిరగేయాలి. పంచె చూసి ఎక్స్‌పోజర్ పెట్టు, మొహం సంగతి తర్వాత చూసుకో.

2015లో నేను చేసింది అదే. ఆ పుష్కరాల మొదటిరోజు పుష్కరఘాట్ తొక్కిసలాటలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. నేను రెండు రోజుల తర్వాత వెళ్లాను, కెమెరా బయటికి తీయడానికి మనసొప్పక ఒక పూటంతా ఊరికే తిరిగాను. తర్వాత కోటిలింగాల రేవులోనే తీశాను. ఎండలో ఉన్న ప్రతి ఫోటోనీ పంచెకి సరిపడా తగ్గించి తీశాను. కెమెరా వెనక తెర మీద చూస్తే మొహాలన్నీ బొగ్గులా ఉన్నాయి. ఇంటికొచ్చి రా ఫైలు, అంటే సెన్సారు పట్టింది పట్టినట్టు దాచిన ఫైలు, తెరిచి నీడల్ని రెండు స్టాపులు పైకి లాగితే చెంప మీద ముడతలు, గడ్డంలో తెల్లవెంట్రుకలు అన్నీ వచ్చాయి. చీకటిని పైకి లాగితే కనిపించే ఇసుకలాంటి గరగరా పెద్దగా లేదు. డి750 ఈ పనిలో చాలా గట్టిది, ఆ మాట ఒప్పుకోవాలి. అది ఇచ్చే ఫైలు 6016×4016 పిక్సెళ్లు, అంగుళానికి 300 చొప్పున వేసుకున్నా 20 అంగుళాల ప్రింటు వస్తుంది.

ఇంకో సంగతి డిజిటల్‌లోనే సాధ్యమైంది. పుష్కరాల సమయానికి గోదారి ఎర్రగా ఉంటుంది. మన ఒంటి రంగు, ఎర్రనీటి రంగు, రెండూ నారింజ వైపువే. ఫిల్ముకి ఎర్ర ఫిల్టరు పెడితే ఆకాశం నల్లబడుతుంది గానీ మొహమూ నీళ్లూ రెండూ తెల్లబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కెమెరాకి ఏ ఫిల్టరు పెట్టాలన్నది తీసేముందే తేల్చుకోవాలి, తర్వాత మార్చుకోవడానికి లేదు. డిజిటల్‌లో కలర్ ఫైలు చేతిలో ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చుని నారింజని పెంచి చూడొచ్చు, తగ్గించి చూడొచ్చు. అయితే అక్కడా ఇదే తంటా. నారింజ పెంచితే మొహంతో పాటు గోదారీ తెల్లబడుతుంది. చివరికి నీళ్లని విడిగా మాస్కు చేసి, అంటే ఆ భాగాన్నే ఎంచుకుని, తగ్గించాను, మొహాన్ని దాని మానాన వదిలేశాను. నల్లని బరువైన నీళ్ల ముందు గోధుమరంగు చెంప ఎంత వెలుగ్గా ఉండాలో అంత వెలుగ్గా నిలబడింది. ఫిల్ము మీద నేను ఎంత కష్టపడినా ఆ నీళ్లు అలా వచ్చేవి కావు.

సెన్సారు పైన ఉండే రంగు గళ్ల వల్లే ఇది వీలవుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆ గళ్ల అమరికకి 1976లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో పిక్సెలు ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రెండు రంగులూ పక్కవాటిని బట్టి లెక్కగట్టుకుంటుంది. ఆ గళ్లే లేకుండా నలుపు తెలుపు మాత్రమే చూసే కెమెరా ఒకటి లైకా వాళ్లు 2012లో ఎం మోనోక్రోమ్ పేరుతో తెచ్చారు. దాంట్లో మళ్లీ ఫిల్ములాగే ఫిల్టరు ముందే పెట్టుకోవాలి. దాని ధర నాలాంటి వాళ్లకి అందేది కాదు. ఒక చిన్న విషయం నాకు భలే ఇష్టం. 1975లో అదే కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొట్టతొలి డిజిటల్ కెమెరా తీసింది నలుపు తెలుపు బొమ్మే. 100×100 పిక్సెళ్లు, క్యాసెట్టులోకి ఎక్కడానికి 23 సెకన్లు.

ఇక ప్రింటు. తెర మీద బాగున్నదల్లా కాగితం మీద బాగుండదు. తెర తనంతట తానే వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురుతోనే బతకాలి. తెర వెలుతురు బాగా తగ్గించుకుని పనిచేయకపోతే ప్రింట్లన్నీ నల్లగా వస్తాయి. హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పాత బ్రోమైడ్ కాగితంలా ఉండే బరైటా కాగితం మీద ఇంక్‌జెట్ ప్రింట్లు వేయించాను. మూడు నాలుగు రకాల నలుపు, బూడిద ఇంకులు వాడే మెషిన్ అది. పిగ్మెంటు ఇంకు. చేతిలోకి తీసుకోగానే నలుపు చూసి సంతోషం వేసింది. నలుపు లోతులో మంచి ఇంక్‌జెట్ ప్రింటు డార్క్‌రూమ్‌లో వేసే వెండి బ్రోమైడ్ ప్రింటుకి ఏమాత్రం తీసిపోదు, కొన్నిసార్లు మించుతుంది కూడా.

తెలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ పాత ప్రింటే గెలిచింది. 1991 నాటి ప్రింటునీ 2015 నాటి ప్రింటునీ కిటికీ పక్కన బల్ల మీద పెట్టి చూశాను. నీటి మీద ఎండ మెరుపులు చూడండి. ఫిల్ము మీద మెరుపు చుట్టూ వెలుతురు కొద్దిగా పొరలోకి పాకి ఉంటుంది. తెలుపు బూడిదలోకి మెల్లగా దిగుతుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేం. డిజిటల్ ప్రింటులో మెరుపుకి అంచు ఉంది, కత్తెరతో కోసి అతికించినట్టు. ప్రింటుని కాస్త వంచి వెలుతురుకి పట్టుకుంటే ఇంకొకటి కనపడుతుంది. ఉత్త తెలుపు ఉన్నచోట మెషిన్ ఇంకు చుక్క కూడా వేయదు. ఇంకు ఉన్నచోట ఒక మెరుపు, ఇంకు లేని కాగితానిది వేరే మెరుపు. ఆ మెరుపుల చోట్లు చిన్నచిన్న గుంటల్లా కనిపిస్తాయి. వెండి ప్రింటుకి ఈ తేడా ఉండదు. నలుపు మీదా తెలుపు మీదా ఒకే జెలటిన్ పొర పరుచుకుని ఉంటుంది. ఇప్పుడు నేను ప్రింటుకి పంపేముందు ఫైలులో అతి తెలుపుని 255 (0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు) దగ్గర ఉంచను, 248 దగ్గరికి దించుతాను. అక్కడ కూడా సన్నగా ఇంకు పడుతుంది, గుంటలు పోతాయి. ల్యాబ్ కుర్రాడు మొదట వింతగా చూశాడు. ఇప్పుడు వేరేవాళ్ల ఫైళ్లకీ అదే చేస్తున్నాడు.

గరుకుదనం కూడా రెండింట్లో రెండు చోట్ల ఉంటుంది. ఫిల్ము ప్రింటులో గ్రెయిన్ ఎక్కువగా ఆకాశంలో, బూడిదరంగులో కనిపిస్తుంది. 2003 నాటి హెచ్‌పీ5 నెగటివ్‌ల నుంచి వేసిన పెద్ద ప్రింట్లలో మబ్బులంతా ఇసుక చల్లినట్టుంటాయి, నీడలు మాత్రం నున్నగా ఉంటాయి. డిజిటల్‌లో దీనికి తలకిందులు. ఆకాశం నున్నగా, మరీ నున్నగా ఉంటుంది. గరగర ఏదైనా ఉంటే చీకట్లో ఉంటుంది. మనిషి చెంప మీద ఫిల్ము గ్రెయిన్ నాకు నచ్చుతుంది. అదే చెంప మీద చీకట్లోంచి లాగిన డిజిటల్ గరగర నచ్చదు. కంప్యూటర్లో గ్రెయిన్ కలిపి ప్రింటు వేయించడం చాలామంది చేస్తారు. నేనైతే కలపను. లేనిది లేకుండానే ప్రింటు బాగుండాలని నా పట్టుదల.

రాత్రి విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. గోదారి హారతి, నీళ్లలో వదిలే దీపాలు, తెల్లవారకముందే మసకలో స్నానానికి దిగే ఆడవాళ్లు, వీటిని 1991లో మేం తీయనేలేదు. యాషికా 3.5 లెన్సు లోపలికి రానిచ్చే కొద్దిపాటి వెలుతురుతో, ఆ రీళ్లతో తీయడం కుదిరేది కాదు. 2015లో వెలుతురుకి కెమెరా స్పందించే కొలత ఐఎస్ఓని 6400 దాకా పెంచి దీపం వెలుగులోనే తీశాను. ఆకు దొన్నెని నీళ్లలోకి తోస్తున్న ఒకావిడ చేయి, వేళ్ల కొసల మీద మాత్రమే వెలుతురు. ఆ ప్రింటు నేను వేయించిన వాటిలో చాలా మంచిది. దాన్ని ఫిల్ము మీద ఊహించుకోలేను.

దాచుకోవడం గురించి కూడా ఒక మాట. నెగటివ్ చేతిలో ఉంటే భరోసాగా ఉంటుందన్నది నిజమే, కానీ గోదారి ఒడ్డున తేమ దేన్నీ ఊరికే వదలదు. మేష్టారి నెగటివ్‌లలో కొన్నింటికి బూజు పట్టి, మొహాల మీద సాలెగూడు గీతలు వచ్చేశాయి. నావి బటర్ పేపరు కవర్లలో, సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో ఉన్నాయి. వానాకాలం అయ్యాక పొట్లాల్ని ఆరబెట్టి మళ్లీ పెడతాను. రా ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి నా దగ్గర, ఒకటి మా చెల్లెలి దగ్గర. రెండింటికీ కాపలా కాయాల్సిందే.

మేష్టారు ఇప్పుడు లేరు. ఆయన ఎన్లార్జరు మాత్రం వాళ్లబ్బాయి నాకిచ్చాడు. 2027లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి. పగలు ఎండలో యాషికా, రాత్రి డిజిటల్ అని ఇప్పటికి అనుకుంటున్నాను. 120 రీళ్ల ధర చూస్తే గుండె దడ పుడుతోంది గానీ, తెల్లపంచెల కోసం కొన్ని కొని ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు, పెరుగు గిన్నె పక్కకి జరిపింది.

ఈమధ్య ఒక కొత్త పని మొదలుపెట్టాను. 2015 నాటి డిజిటల్ ఫైలుని తిరగేసి, పారదర్శక షీటు మీద నెగటివ్‌గా ఇంక్‌జెట్‌లో ప్రింటు వేయించి, దాన్ని బ్రోమైడ్ కాగితం మీద బోర్లించి, పైన గాజు పెట్టి కాంటాక్ట్ ప్రింటు వేస్తున్నాను. డిజిటల్‌లో తీసిన ఫోటో చివరికి వెండి మీద, జెలటిన్ పొర కింద, మేష్టారి ట్రేల్లోనే బయటికొస్తుంది. తెలుపు దగ్గర ఇంక్‌జెట్ గుంటలు లేవు. కాగితం వేరే పద్ధతిలో స్పందిస్తుంది కాబట్టి ఫైలుకి వేరే కర్వు, అంటే ఏ బూడిద ఎంత ముదురుగా రావాలో చెప్పే గీత, కట్టాలి. మెట్లు మెట్లుగా బూడిద గళ్లు వేసి, ఒక్కో గడి ఎంత నల్లబడిందో చూసి సరిచేస్తున్నాను. పంచె బాగా వస్తోంది. చెంప మీద మధ్య బూడిద ఇంకా కొంచెం మట్టిగా ఉంది, ఆ చోట కర్వు పైకి లేపాలి. ఈ వారం కాగితం డబ్బా వస్తే మళ్లీ వేస్తాను.